తెలిసిన గాఢతగల ద్రావణములను సిద్ధపరచు విధము: సిప్పీఘాట్ వంటి తీరగ్రామముల బావినీటి పరీక్షకు అన్వయించి వ్రాసిన వివరణము

1. ఈ విషయముతో అధికారులకు గల సంబంధము

దక్షిణ అండమాను ద్వీపమునందు, 2024వ సంవత్సరమున శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టు బ్లెయిరు పట్టణమునకు సమీపమున, అండమాను ట్రంకు రోడ్డు వెంబడి సిప్పీఘాట్ అను ఊరు కలదు. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన సంభవించిన భూకంపమువలన దక్షిణ అండమాను భూభాగము సుమారు 1 మీటరు క్రుంగినది. భూమి ఒక మీటరు క్రుంగినచోట సముద్రము ఒక మీటరు పెరిగినట్లే యగును. సునామీ కెరటములు వెనుకకు పోయిన తరువాతను సిప్పీఘాట్ పల్లపు నేలలలోనికి పోటునీరు వచ్చుట మానలేదు. పూర్వము పంట పండిన పొలములలో కొన్ని ఉప్పునీటి మడుగులుగా మారి, నీటిపక్షులకు నివాసములైనవి.

ఇట్టి ప్రదేశమున ఒక బావినీరు త్రాగుటకు తగునా తగదా యను ప్రశ్న వచ్చినప్పుడు నాలుకను నమ్ముటకు వీలులేదు. నెలల తరబడి కొద్దికొద్దిగా ఉప్పెక్కుచున్న నీటిని దినదినము త్రాగువారికి ఆ మార్పు తెలియదు. క్రొత్తగా వచ్చినవారికి అదే నీరు వెగటుగా నుండును. కావున నీటి నమూనా ప్రయోగశాలకు పంపబడును. అక్కడనుండి ఒక అంకె వచ్చును. ఆ అంకెనుబట్టి బావి మూయించుటయో, బండిమీద నీరు పంపించుటయో, ఏ చర్యయు తీసికొనకుండుటయో అధికారి నిర్ణయించును.

ఆ అంకె ప్రయోగశాల బల్లమీది ఒక సీసాలోని ద్రావణమునుండి పుట్టునది. సీసాపై వ్రాసిన గాఢత నిజమైనచో అంకె నిజము. అది తప్పైనచో, పరీక్ష యెంత శ్రద్ధగా జరిపినను అంకె తప్పే యగును. అందుచేత ద్రావణము చేయుట పరీక్షకుని పనియే యైనను, అది యెట్లు చేయబడునో, ఎక్కడ చెడునో, ఎట్లు సరిచూడబడునో అధికారులు తెలిసికొనియుండుట అవసరము. ఈ విషయము ద్వీపములకే పరిమితమైనది కాదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ తుపానునాడు ఉప్పెన ముంచిన కృష్ణాజిల్లా దివిసీమయందును, ఇతర తీర తాలూకాలయందును ఈ పరీక్షయే ఉపయోగపడును.

2. గాఢత యనగా నేమి

ఒక పదార్థము నీటిలో కరగి అంతటను సమముగా వ్యాపించినప్పుడు దానిని ద్రావణమందురు. నిర్ణీత పరిమాణముగల ద్రావణములో ఎంత పదార్థమున్నదో తెలుపునది గాఢత. దీనిని పలువిధముల చెప్పుదురు. నూటికి 1 వంతు ద్రావణమనగా 100 మిల్లీలీటర్లలో 1 గ్రాము పదార్థము గలది. నీటి పరీక్షలలో సాధారణముగా లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పుట వాడుక. రసాయనశాస్త్రజ్ఞులు నార్మల్ అను కొలతను గూడ వాడుదురు. ఒక్కొక్క పదార్థమునకు దాని తుల్యభారమునుబట్టి ఈ కొలత యేర్పడును. ఉప్పునకు తుల్యభారము 58.44, సిల్వరు నైట్రేటునకు 169.87. అన్ని గ్రాముల పదార్థము 1 లీటరు ద్రావణములో నున్నచో అది 1 నార్మల్ ద్రావణము. సమాన నార్మాలిటీ గల ఈ రెండు ద్రావణములును సరిసమానమైన కొలతలలో కలిసినప్పుడు, ఒకదానిలోని పదార్థము రెండవదానిలోని పదార్థమునకు సరిగా సరిపోవును. లెక్క సులభమగుటకే ఈ కొలత యేర్పడినది.

ఇచ్చట తరచుగా జరుగు పొరపాటొకటి కలదు. 1 లీటరు ద్రావణము చేయుట వేరు, 1 లీటరు నీటిలో పదార్థమును వేయుట వేరు. 100 గ్రాముల ఉప్పును 1 లీటరు నీటిలో కరగించినచో మొత్తము పరిమాణము 30 మిల్లీలీటర్లకు పైగా పెరుగును. ద్రావణము తలచిన దానికంటె నూటికి 3 వంతులు పలుచన యగును. కావున పదార్థమును ముందుగా కొంచెము నీటిలో పూర్తిగా కరగించి, తరువాత మొత్తము 1 లీటరు గీతకు వచ్చువరకు నీరు పోయవలెను.

3. కావలసిన సాధనములు, నీరు

పదార్థమును తూచుటకు త్రాసు, ద్రావణమును గీతవరకు నింపుటకు సన్నని మెడగల కొలత ఫ్లాస్కు, కొద్ది పరిమాణములను తీయుటకు పిపెట్టు, చుక్కచుక్కగా పోయుటకు బ్యురెట్టు కావలెను. బొద్దు గాజుగ్లాసుపై అచ్చువేసిన గీతలు ఉజ్జాయింపునకే పనికివచ్చును. వానితో ప్రమాణ ద్రావణము చేయరాదు.

ఫ్లాస్కు మెడలో నీటిమట్టము మధ్యకు వంగి పల్లముగా కనబడును. ఆ వంపు అడుగుభాగము గీతను తాకవలెను. కన్ను గీతతో సమానమైన ఎత్తున నుండవలెను. పైనుండి చూచినను క్రిందినుండి చూచినను కొలత మారును.

సాధారణముగా కొలత ఫ్లాస్కులు 20 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణమునకు గుర్తింపబడియుండును. అండమానులలో గది ఉష్ణము 30 డిగ్రీలున్నప్పుడు నీరు వ్యాకోచించుటవలన కలుగు భేదము లీటరుకు 2 మిల్లీలీటర్లు మాత్రమే. బావినీటి పరీక్షకు దీనిని లెక్కింపనక్కరలేదు. అయితే వేడిచేసి కరగించిన ద్రావణమును చల్లారకముందే గీతవరకు నింపుట కూడదు. చల్లారిన పిమ్మట మట్టము గీతక్రిందికి దిగును.

నీరు స్వేదనజలమై యుండవలెను. సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియు ద్వీపములో వాననీటినే వాడరాదా యని తోచవచ్చును. సముద్రముమీదుగా వచ్చు గాలిలో ఉప్పుతుంపర యుండుటచేత వాననీటిలో కూడ కొంత క్లోరైడు చేరును. ఉప్పును కొలుచుటకు చేయు ద్రావణములో మొదటనే ఉప్పుండుట తగదు. నీటిని పరీక్షించుటకు తేలికయైన ఉపాయము కలదు. శుభ్రమైన పరీక్షనాళములో ఆ నీరు కొంత పోసి, సిల్వరు నైట్రేటు ద్రావణము రెండు మూడు చుక్కలు వేయవలెను. పాలవలె మసక యేర్పడినచో ఆ నీరు పనికిరాదు.

4. మూలప్రమాణమైన ఉప్పు ద్రావణము

ఏ కొలతకైనను మొదట నమ్మదగిన ఆధారమొకటి యుండవలెను. కొన్ని పదార్థములు శుద్ధముగా దొరకును, ఆరబెట్టినచో వాని బరువు స్థిరముగా నుండును, నిలువయుంచినను మారవు. తూచిన బరువునుబట్టియే వీని ద్రావణముల గాఢతను నిశ్చయింపవచ్చును. ఇట్టివానిని మూలప్రమాణములందురు. ప్రయోగశాలకై అమ్మబడు శుద్ధ సోడియము క్లోరైడు ఈ వర్గములోనిది. వంటయింటి ఉప్పు దీనికి బదులుగా పనికిరాదు. దానిలో తేమయు, అయొడిను లవణమును, గడ్డకట్టకుండ కలుపు పొడియు నుండును.

ద్వీపపు గాలిలో తేమ యధికము గనుక శుద్ధమైన ఉప్పును గూడ సీసానుండి తీసి తిన్నగా తూచరాదు. 140 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఓవెనులో ఆరబెట్టి, తేమనుపీల్చు పదార్థముంచిన మూతపాత్రలో చల్లార్చి, పిమ్మట తూచవలెను. నూటికి 5 వంతుల తేమయున్న ఉప్పును 0.824 గ్రాము తూచినచో అందు నిజమైన ఉప్పు 0.783 గ్రాము మాత్రమే యుండును. మిగిలినది నీటి బరువు.

ఇట్లు ఆరిన సోడియము క్లోరైడును 0.824 గ్రాము తూచి, కొంచెము స్వేదనజలములో కరగించి, 1 లీటరు ఫ్లాస్కులోనికి మార్చి, పాత్రను రెండు మూడుమారులు కడిగిన నీటిని గూడ దానిలోనే పోసి, గీతవరకు నింపి, మూతపెట్టి, పలుమారులు తలక్రిందులు చేసి కలుపవలెను. ఇది 0.0141 నార్మల్ ద్రావణము. దీని ప్రతి మిల్లీలీటరులో 0.5 మిల్లీగ్రాము క్లోరైడుండును.

జిల్లాస్థాయి ప్రయోగశాలలలో 0.01 గ్రాము వరకే చూపు త్రాసుండవచ్చును. అట్టి త్రాసుతో 0.824 గ్రాము తూచినచో తప్పు నూటికి 1 వంతును మించును. అట్టిచోట 8.24 గ్రాములు తూచి 1 లీటరు ద్రావణము చేసి, దానిలో 100 మిల్లీలీటర్లను సరిగా తీసి మరల 1 లీటరుకు పెంచవలెను. కావలసిన గాఢతయే వచ్చును. త్రాసు తప్పుమాత్రము పదవవంతునకు తగ్గును. గాఢ ద్రావణమును పలుచన చేయునప్పుడెల్ల ఒకే సూత్రము: మొదటి గాఢతను మొదటి పరిమాణముతో హెచ్చించినను, చివరి గాఢతను చివరి పరిమాణముతో హెచ్చించినను ఒకే మొత్తము రావలెను.

5. సిల్వరు నైట్రేటు ద్రావణమును చేయుటయు, సరిచూచుటయు

సిల్వరు నైట్రేటు 2.395 గ్రాములను పైవిధముననే 1 లీటరు ద్రావణము చేసినచో సుమారు 0.0141 నార్మల్ వచ్చును. ఇది గోధుమరంగు సీసాలో, చీకటిగల అలమరలో నుండవలెను. ధూళి గాని, కుళ్లిన పదార్థము గాని తగిలినను, వెలుతురు సోకినను దీనిలోని వెండి కొంత విడిపోయి నల్లబారును. అప్పుడు ద్రావణము బలహీనమగును. మూత వదులై నీరు ఆవిరియైనచో దానికి విరుద్ధముగా బలమెక్కును. ఈ కారణములచేత సిల్వరు నైట్రేటు గాఢతను తూకమునుబట్టి కాక, ఉప్పు ద్రావణముతో సరిచూచి నిర్ణయింపవలెను.

సరిచూచుటకు సూచకముగా పొటాసియము క్రోమేటు ద్రావణము కావలెను. 50 గ్రాముల క్రోమేటును కొద్ది స్వేదనజలములో కరగించి, ఎర్రని మడ్డి స్పష్టముగా కనబడువరకు సిల్వరు నైట్రేటు చుక్కలు వేసి, 12 గంటలు నిలువయుంచి, వడకట్టి, 1 లీటరునకు పెంచవలెను. ఈ మడ్డితోపాటు క్రోమేటులోని క్లోరైడు మాలిన్యము తొలగిపోవును. క్రోమేటు విషపదార్థము, దానిని పిపెట్టుతో నోటబీల్చరాదు. వాడిన ద్రావణములను బావికి గాని కాలువకు గాని చేరునట్లు పారబోయరాదు. వేరు పాత్రలో కూడబెట్టి విధిగా తొలగింపవలెను.

ఉప్పు ప్రమాణ ద్రావణమును పిపెట్టుతో 25 మిల్లీలీటర్లు తీసి, స్వేదనజలముతో 50 మిల్లీలీటర్లు చేసి, క్రోమేటు సూచకము అర మిల్లీలీటరు వేసి, బ్యురెట్టునుండి సిల్వరు నైట్రేటును చుక్కచుక్కగా విడువవలెను. వెండి మొదట క్లోరైడుతో కలిసి తెల్లని మడ్డి యగును. క్లోరైడంతయు తీరిన తరువాతనే వెండి క్రోమేటుతో కలిసి ఇటుకరంగు పుట్టించును. పసుపురంగు తొలగి మొదటి ఎరుపుజీర నిలిచినచోట ఆపవలెను. స్వేదనజలముతో మాత్రమే ఇదేరీతిగ వేరొక పరీక్ష జరిపి, రంగు మారుటకు పట్టిన కొద్ది పరిమాణమును తీసివేయవలెను. ఇది సాధారణముగా 0.2 లేక 0.3 మిల్లీలీటరుండును.

తీసివేత పోగా 25.5 మిల్లీలీటర్లు పట్టినదనుకొనుడు. 25ను 0.0141తో హెచ్చించి 25.5తో భాగించినచో 0.0138 వచ్చును. సీసాపై 0.0141 అని కాక 0.0138 అని వ్రాయవలెను. ఈ సీసాలోని ప్రతి మిల్లీలీటరు 0.5 మిల్లీగ్రామునకు బదులు 0.49 మిల్లీగ్రాము క్లోరైడునకే సరిపోవును. ఇది లోపము కాదు; గాఢత తలచినంత యుండనక్కరలేదు, ఎంతయున్నదో తెలిసియుండినచో చాలును. మూడుమారులు సరిచూచి, మూడును సన్నిహితముగా నున్నప్పుడే అంగీకరింపవలెను.

6. బావినీటిని పరీక్షించుట

నమూనా నీరు 50 మిల్లీలీటర్లు తీసి, పై విధముననే సూచకము వేసి సిల్వరు నైట్రేటుతో పరీక్షింపవలెను. నీరు పులుపుగా గాని మిక్కిలి క్షారముగా గాని యుండరాదు. పీహెచ్ 7 మొదలు 10 లోపల నుండునట్లు ముందుగా సరిచేయవలెను. సీసాలో ప్రతి మిల్లీలీటరు 0.5 మిల్లీగ్రామునకు సరియైన ద్రావణమున్నదనియు, తీసివేత పోగా 25.2 మిల్లీలీటర్లు పట్టినదనియు అనుకొనుడు. 50 మిల్లీలీటర్ల నీటిలో 12.6 మిల్లీగ్రాములు, అనగా లీటరుకు 252 మిల్లీగ్రాముల క్లోరైడున్నదని తేలును.

భారతీయ ప్రమాణముల బ్యూరో 2012వ సంవత్సరమున ప్రకటించిన 10500 సంఖ్యగల ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు అంగీకార్యము. వేరు నీటివసతి లేనిచోట 1,000 మిల్లీగ్రాముల వరకు అనుమతింపబడును. సముద్రజలములో క్లోరైడు లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాములు. కావున మంచినీరు 100 బిందెలలో సముద్రపు నీరు 1 బిందె కలిసినచో లీటరుకు సుమారు 190 మిల్లీగ్రాముల క్లోరైడు చేరును. రెండు బిందెలు కలిసినచో అంగీకార్యమైన హద్దు దాటును. పోటునీరు చొరబడిన బావి యెంత స్వల్పమైన కలయికచే చెడునో దీనివలన గ్రహింపవచ్చును.

మడుగులోని నీటిని పరీక్షింపవలసివచ్చినప్పుడు దానిని తిన్నగా పరీక్షించుట సాధ్యము కాదు; 50 మిల్లీలీటర్ల సముద్రజలమునకు దాదాపు 2 లీటర్ల సిల్వరు నైట్రేటు పట్టును. 5 మిల్లీలీటర్లను పిపెట్టుతో తీసి ఫ్లాస్కులో 500 మిల్లీలీటర్లకు పెంచి, వచ్చిన ఫలమును 100తో హెచ్చింపవలెను. పలుచనచేయుటలోని తప్పు గూడ 100 రెట్లు పెరుగునని మరువరాదు.

క్లోరైడు ఎక్కువైనంతమాత్రమున అది సముద్రమునుండియే వచ్చినదని చెప్పరాదు. మరుగుదొడ్ల గోతులనుండి ఊరు నీటిలో గూడ క్లోరైడుండును. ఒకే బావిని పోటువేళను పాటువేళను, ఎండకాలమునను వర్షములు తగ్గిన తరువాతను పరీక్షించి, ప్రక్క బావులతో పోల్చి, సూక్ష్మజీవుల పరీక్ష గూడ చేయించి నిర్ణయింపవలెను. ఇట్లు పోల్చుట అన్ని పరీక్షలును ఒకే విధముగ సరిచూచిన ద్రావణముతో జరిగినప్పుడే సాధ్యము. జూన్ నెలలో ఒక సీసాతోను, డిసెంబరులో సరిచూడని వేరొక సీసాతోను వచ్చిన అంకెలలోని భేదము బావిదో సీసాదో ఎవరును చెప్పజాలరు.

7. గాఢత తప్పినచో జరుగునది

ఒక బావిలో నిజముగా లీటరుకు 270 మిల్లీగ్రాముల క్లోరైడున్నదనుకొనుడు. సిల్వరు నైట్రేటు సీసా మూత వదులై, కొంత నీరు ఆవిరియై, బలము నూటికి 10 వంతులు పెరిగినది. చీటీ మాత్రము పాతదే. 50 మిల్లీలీటర్ల నీటిలోని 13.5 మిల్లీగ్రాములకు 27 మిల్లీలీటర్లు పట్టవలసియుండగా 24.5 మాత్రమే పట్టును. చీటీనిబట్టి లెక్కించినచో లీటరుకు 245 మిల్లీగ్రాములని తేలును. హద్దు దాటిన బావి హద్దులోపలిదని నివేదిక వచ్చును. అధికారి ఏ యేర్పాటును చేయడు.

ద్రావణము బలహీనమైనచో దీనికి విరుద్ధముగా జరుగును. నూటికి 10 వంతులు బలము తగ్గిన సీసాతో, నిజముగా 230 మిల్లీగ్రాములున్న బావికి సుమారు 256 అని వచ్చును. మంచి బావి మూయబడి, స్త్రీలు దూరమునుండి నీరు మోయవలసివచ్చును. ఈ రెండు సందర్భములలోను పరీక్షకుని చేతిపని సక్రమముగనే జరిగినది. తప్పు కంటికి కనబడదు. పరీక్ష మరల మరల చేసినను అదే అంకె వచ్చుచు, నమ్మకమును పెంచును. ప్రమాణ ద్రావణముతో సరిచూచినప్పుడు మాత్రమే ఇది బయటపడును.

8. బ్లీచింగు పౌడరు ద్రావణము

ఉప్పుపరీక్ష ముగిసినంతమాత్రమున బావి క్షేమమని చెప్పరాదు. ముంపునకు లోనైన బావులలో కలరా, విషజ్వరము మొదలగు వ్యాధుల క్రిములు చేరకుండ క్లోరిను వేయవలెను. క్లోరిను క్రిములను చంపునే గాని ఉప్పును తీయదు. ఈ రెండు పనులును వేరువేరు.

తాజా బ్లీచింగు పౌడరులో ఉపయోగపడు క్లోరిను నూటికి సుమారు 33 వంతుల వరకు నుండును. తేమ, వేడి, వెలుతురు తగిలినచో అది శీఘ్రముగా తగ్గును. ఓడలో వచ్చి, రేవు గిడ్డంగిలో నిలిచి, వర్షకాలమంతయు తెరచిన డబ్బాలో నున్న పౌడరునకు తొలిబలము ఉండదు. కావున దీనిని మూలప్రమాణముగా ఎన్నడును భావింపరాదు. వాడుటకు ముందు దాని బలమును కొలువవలెను.

కొలుచు విధము ఇది. పౌడరు 5 గ్రాములను నీటితో మెత్తగా నూరి 500 మిల్లీలీటర్లు చేయవలెను. బాగుగ కదిలించి, తేరకముందే 25 మిల్లీలీటర్లు తీయవలెను, దీనిలో 0.25 గ్రాము పౌడరుండును. దానికి పొటాసియము అయొడైడును, ఎసెటికామ్లమును చేర్చినచో, ఉన్న క్లోరినుకు సరియైన అయొడిను విడుదల యగును. ఆ అయొడినును 0.1 నార్మల్ సోడియము థయోసల్ఫేటుతో పరీక్షించి, చివర పిండినీరు చుక్కలు వేసి, నీలిరంగు పోవుచోట ఆపవలెను. థయోసల్ఫేటు ద్రావణమునకు లీటరుకు 24.82 గ్రాముల స్ఫటికములు కావలెను. అది నిలువలో మారునట్టిది గనుక, మూలప్రమాణమైన పొటాసియము డైక్రోమేటు 0.1 నార్మల్ ద్రావణముతో, అనగా లీటరుకు 4.903 గ్రాములు గలదానితో, సరిచూడవలెను. 0.1 నార్మల్ థయోసల్ఫేటు ప్రతి మిల్లీలీటరు 3.545 మిల్లీగ్రాముల క్లోరినునకు సరిపోవును. 17.6 మిల్లీలీటర్లు పట్టినచో 62.4 మిల్లీగ్రాములు, అనగా ఆ పౌడరులో క్లోరిను నూటికి 25 వంతులు.

25 వంతుల పౌడరును 40 గ్రాములు తీసి 1 లీటరు చేసినచో నూటికి 1 వంతు క్లోరిను ద్రావణము వచ్చును; దాని ప్రతి మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల క్లోరినుండును. సున్నపుమడ్డిని తేరనిచ్చి, పైనీటినే వాడవలెను. ఈ ద్రావణమును ఏనాటికానాడు చేసికొనుట మేలు.

వ్యాసము 2 మీటర్లు, నీటిలోతు 3 మీటర్లు గల గుండ్రని బావిలో సుమారు 9,420 లీటర్ల నీరుండును. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిను వేయవలెనన్నచో 18.8 గ్రాముల క్లోరిను, అనగా పై ద్రావణము 1.88 లీటరు, లేక 25 వంతుల పౌడరు సుమారు 75 గ్రాములు కావలెను. పౌడరు బలము 12.5 వంతులకు పడిపోయిన సంగతి తెలియక, అదే 75 గ్రాములు వేసినచో లీటరుకు 1 మిల్లీగ్రామే చేరును. ఆ నీటిలోని మురికియే 1.4 మిల్లీగ్రాములను హరించునదైనచో, మొదటి సందర్భమున 0.6 మిల్లీగ్రాము మిగిలి నీటిని కాపాడును. రెండవ సందర్భమున ఏమియు మిగులదు. రిజిస్టరులో మాత్రము రెండు దినములును బావికి క్లోరిను వేయబడినట్లే వ్రాయబడును. పైన చెప్పిన ప్రమాణము ప్రకారము అవశేష క్లోరిను లీటరుకు 0.2 మిల్లీగ్రామునకు తక్కువ కాకూడదు.

9. ప్రయోగశాల దూరమైనచోట హారక్సు పరీక్ష

మొదటి ప్రపంచయుద్ధ కాలమున సైన్యములకు త్రాగునీటిని శుద్ధిచేయుటకై సర్ విలియం హారక్సు అను సైనిక వైద్యుడు ఏర్పరచిన పరీక్షాపెట్టె భారతదేశమున ఆరోగ్యోద్యోగులకు చిరపరిచితము. దానిలో ఒక నల్లకప్పు, ఆరు తెల్లకప్పులు, 2 గ్రాములు పట్టు చెంచాలు, చుక్కలు వేయు గొట్టములు, పిండి అయొడైడు సూచకము ఉండును. నల్లకప్పులో ఒక చెంచా పౌడరును నీటితో కలిపి గీతవరకు నింపి తేరనిత్తురు. తెల్లకప్పులను బావినీటితో నింపి, ఆ తేటను మొదటిదానికి 1 చుక్క, రెండవదానికి 2 చుక్కలు, ఇట్లు ఆరవదానికి 6 చుక్కలు వేసి కలిపి, అరగంట తరువాత ఒక్కొక్కదానికి 3 చుక్కలు సూచకము వేయుదురు. స్పష్టమైన నీలిరంగు మొదట ఏ కప్పులో కనబడునో, ఆ సంఖ్యగల చెంచాల పౌడరు 455 లీటర్ల నీటికి కావలెను. మూడవ కప్పులో కనబడినచో 6 గ్రాములు; అట్టప్పుడు పైన చెప్పిన బావికి సుమారు 124 గ్రాములు.

ఇందు పౌడరు బలము యెంతయో తెలియనక్కరలేదు. పౌడరు బలహీనమైనచో రంగు వెనుకటి కప్పులో కనబడి, ఎక్కువ చెంచాలు కావలెనని తానే చెప్పును. అయితే బావిలో వేయు డబ్బాలోని పౌడరుతోనే పరీక్ష జరుగవలెను. పరీక్షకు క్రొత్త డబ్బాయు, బావికి పాత డబ్బాయు వాడినచో పరీక్ష నిష్ప్రయోజనము.

10. అధికారులు విచారింపవలసిన సంగతులు

నివేదికపై సంతకము చేయుటకు ముందును, ప్రయోగశాలను తనిఖీచేయునప్పుడును ఈ క్రింది విషయములు విచారించుట ఉచితము.

(అ) ప్రతి సీసాపై ద్రావణము పేరు, సరిచూచిన గాఢత, చేసిన తేదీ, చివర సరిచూచిన తేదీ, చేసినవారి పొడి సంతకము కలవా? చీటీ లేని సీసాను, ఎంత నిండుగా నున్నను, ఖాళీసీసాగా ఎంచవలెను.

(ఆ) ప్రమాణ ద్రావణములకై తూచిన బరువులును, సరిచూచినప్పటి మూడు అంకెలును రిజిస్టరులో నున్నవా? మూడును ఎల్లప్పుడు చివరి అంకెవరకు ఒకటిగనే యున్నచో, అవి కొలిచినవో వ్రాసినవో అడుగవలెను.

(ఇ) స్వేదనజలమును సిల్వరు నైట్రేటుతో చూచిరా? ఆ స్వేదనజలముతోనే ఉత్త పరీక్ష జరిపి, వచ్చిన కొలతను లెక్కలో తీసివేసిరా?

(ఈ) బ్లీచింగు పౌడరు డబ్బా తెరచిన తేదీ వ్రాసియున్నదా? తెరచిన తరువాత దాని బలము మరల కొలువబడినదా? బావిలో వేసిన గంట తరువాత అవశేష క్లోరిను చూచిరా?

(ఉ) క్లోరైడు హద్దు సమీపమున వచ్చిన నివేదికలలో, అనగా 240కిని 260కిని నడుమనున్నవానిలో, క్రొత్తగా సరిచూచిన ద్రావణముతో రెండవ పరీక్ష జరిగినదా?

(ఊ) సామగ్రి కోరు ఇండెంటులో శుద్ధ సోడియము క్లోరైడు, కొలత ఫ్లాస్కు, మంచి త్రాసు తీసివేయబడి, సిల్వరు నైట్రేటు మాత్రము మంజూరైనదా? అట్లయినచో వెండికి వెచ్చించిన సొమ్ము వ్యర్థమగును. సరిచూచు సాధనము లేని ద్రావణమువలన వచ్చిన అంకె అధికారికి ఉపయోగపడదు.

సిప్పీఘాట్ వంటిచోట నేల క్రుంగుటను గాని, పోటు వచ్చుటను గాని ఏ కార్యాలయమును ఆపజాలదు. ఏ బావి ఏ మాసమున ఎంత ఉప్పెక్కినదో సంవత్సరముల తరబడి నమ్మదగిన అంకెలతో తెలిసికొనుట మాత్రము సాధ్యము. ఆ అంకెలు పేరుకొన్నకొలది, నీటిబండి ఎక్కడికి పంపవలెనో, గొట్టపు నీరు మొదట ఏ వీధికి చేర్పవలెనో, ఏ బావిని మరల తెరువవచ్చునో తెలియును. దీనికంతకును మొదలు, ఆరబెట్టి సరిగా తూచిన 0.824 గ్రాము ఉప్పు.